సంగీత ప్రసంగము: పారసీక గాయని హాయెదే



మా ప్రక్క వాటాలోనికి ఒక చిన్నది కాపురమునకు వచ్చి యేడాది కావచ్చినది. ఉదయము వంట చేయునపుడు సెల్‌ఫోనును పోపులపెట్టెకు ఆనించి పాటలు పెట్టుకొనుట ఆమెకు అలవాటు. గోడ పలుచనిది గనుక ఆ పాటలన్నియు నాకును ప్రాప్తించుచుండును. వానిలో సగము నాకు రుచింపవు. ఆ సంగతి ఆమెతో ఎన్నడును అనలేదు. నెల దినముల క్రిందట ఒకనాడు గోడ కావలినుండి వచ్చిన కంఠము విని, చేతిలోని చిక్కుడుకాయలను పళ్లెములో పెట్టి ఊరక కూర్చుంటిని.

స్త్రీ కంఠమే గాని సన్ననిది కాదు. మంద్రస్థాయికి దిగి, అచ్చట తడబడక నిలువగల నిండు కంఠము. వెనుక ఫిడేళ్లు, విద్యుత్తుతో మ్రోగు గిటారు, డ్రమ్ములు ఉన్నవి; నేటి సినిమా పాట వలెనే నడక ఉన్నది. కాని పాదము ముగియు చోట ఆ కంఠము ఒక్కసారిగా విరిగి, గింజలు గింజలుగా రాలి, మరల ఒకటై నిలిచినది. ఆ విరుపునకును వెనుక మ్రోగు డ్రమ్ములకును నాలుగైదు వందల యేండ్ల యెడమున్నట్లు తోచినది.

సాయంకాలము ఆ చిన్నది పెరుగు తోడు కొరకు వచ్చినపుడు అడిగితిని. "హాయెదే అట పిన్నిగారూ, ఇరాను దేశపు ఆవిడ. ఎవరో పంపితే విన్నాను. ముక్క అర్థం కాదు కాని ఆపబుద్ధి కాలేదు. చివర అలా విరిచి పాడుతుందే, అది మన గమకమేనాండీ?" అన్నది. నాకు తెలిసినంతలో అప్పుడొక ముక్క చెప్పితిని గాని అది నాకే చాలలేదు. పిమ్మట నెల దినములు ఆ గాయని పాటలను వెదకి వెదకి వింటిని, ఆమెనుగూర్చి చదివితిని. ఈ మాసపు ప్రసంగము ఆ చిన్నదానికి నేను బాకీపడిన సమాధానమే.

పారసీక భాష మనకు బొత్తిగా పరాయిది కాదు. హైదరాబాదు సంస్థానమున పందొమ్మిదవ శతాబ్దము చివరి పాదము వరకు కచేరీ వ్యవహారములు ఆ భాషలోనే నడచినవి. అంతకు ముందు గోలకొండ సుల్తానుల కొలువున ఇరాను దేశమునుండి వచ్చిన పండితులకు పెద్ద పీటలే ఉండెడివి. మనము బజారునకు పోయి, దర్జీకి గుడ్డ ఇచ్చి, రుమాలు కొనుక్కొని, వచ్చి కిటికీకి పరదా వేసికొన్నచో నాలుగు పారసీకపు మాటలు పలికినట్లే. సితారు అను వాద్యమునకు ఆ పేరు 'మూడు తంత్రులు' అని అర్థమిచ్చు పారసీక పదమునుండియే వచ్చినది. అయినను ఆ దేశపు సంగీతమును విన్నవారు మనలో అరుదు.

వారి శాస్త్రీయ గానమునకు ప్రాణము 'ఆవాజ్'. దానికి తాళము లేదు. హాఫిజ్, సాదీ వంటి మహాకవుల గజలును తీసికొని, గాయకుడు ఒక్కొక్క ద్విపదను రాగ భావముతో విస్తరించి పాడును. తార్ అను తంత్రీ వాద్యమో, నేయ్ అను పిల్లనగ్రోవియో ఆ పాడిన దానిని అనుసరించి బదులు చెప్పును. మన ఆలాపనతో పోల్చవచ్చునని కొందరందురు గాని, నాకు మాత్రము అది మన రంగస్థలముపై పద్యము చదువు పద్ధతికే దగ్గరగా కనబడినది. పద్యములో మాట తెలియవలెను, రాగము తెలియవలెను, తాళము అక్కరలేదు. చివర ఒక రాగము తీయుటలో నటుని బలమంతయు బయటపడును. ఆవాజ్ కూడ అట్టిదే. మాట మ్రింగివేసిన గాయకుని వారు క్షమింపరు.

మనకు రాగములున్నట్లు వారికి దస్త్‌గాహ్‌లు ఏడు, వానికి ఉపాంగముల వంటివి అయిదు కలవు. ఒక్కొక్క దానిలో 'గూషె' అనబడు చిన్న చిన్న స్వర సంచారములు అనేకము లుండును. వీనినన్నిటిని వరుసగా కూర్చిన పాఠమునకు 'రదీఫ్' అని పేరు. శిష్యుడు గురువునెదుట కూర్చుండి దీనిని ఏండ్ల తరబడి కంఠస్థము చేయవలెను. 1918లో గతించిన మీర్జా అబ్దుల్లా అను తార్ విద్వాంసుడు కూర్చిన రదీఫు నేటికిని ప్రమాణముగా నున్నది. 2009లో యునెస్కో వారు ఈ రదీఫును మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి.

వారి స్వరములలో మనకు వింతగా తోచునది ఒకటి కలదు. మన శుద్ధ రిషభమునకును చతుశ్శ్రుతి రిషభమునకును నడుమ, సుమారుగా సగము దూరమున, వారికొక రిషభము కలదు. దానిని 'కొరోన్' గుర్తుతో వ్రాయుదురు. చహార్‌గాహ్ అను దస్త్‌గాహ్ వినునపుడు మనకు మాయామాళవగౌళ జ్ఞప్తికి వచ్చును. కాని రిషభ ధైవతములు మన చెవి కోరుచోట నుండక, రవంత పైన నిలిచి మనలను కలవరపెట్టును. మొదట అపశ్రుతి యనిపించును. పది దినములు విన్న పిమ్మట అదియే లేనిచో వెలితిగా నుండును. మాహూర్ అనునది మాత్రము మన శంకరాభరణమునకు చాల సమీపము. క్రొత్తగా వినువారు దానితో మొదలుపెట్టవచ్చును.

ఇక ఆ చిన్నది అడిగిన విరుపు. దానిపేరు 'తహ్రీర్'. మన గమకము ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారును, ఊగును, కంఠము తెగదు. తహ్రీర్‌లో కంఠము తెగును. నిండు గొంతునుండి క్షణకాలము దొంగ గొంతునకు ఎగిరి, వెంటనే మరల నిండు గొంతునకు వచ్చును. ఇట్లు వరుసగా అతి వేగముతో జరుగును. దీనిని వారు బుల్‌బుల్ పిట్ట కూతతో పోల్చుదురు. కనుక తల్లీ, అది గమకము కాదు. మన దేశములో ఆ పని చేసిన గాయకుని 'గొంతు నిలువలేదు' అని తప్పు పట్టుదుము. అచ్చట అదియే విద్య.

ఈ విద్యను స్త్రీలు నలుగురిలో పాడుట ఎప్పుడు మొదలైనదో తెలియకున్న హాయెదే కథ సగమే తెలిసినట్లగును. 1924లో టెహ్రాను నగరమున గ్రాండ్ హోటలులో కమర్ అను పందొమ్మిదేండ్ల వయసు యువతి ముసుగు లేకుండ వేదికనెక్కి పురుషులెదుట పాడెను. తల్లిదండ్రులు లేని ఆ పిల్లను అమ్మమ్మ పెంచెను. ఆ వృద్ధురాలు రాజాంతఃపుర స్త్రీల సభలలో శోకగీతములు చదువునట్టిది. చిన్ననాడు అమ్మమ్మ ప్రక్కన కూర్చుండి ఆ గీతములకు గొంతు కలుపుటయే కమర్‌కు తొలి పాఠము. తరువాత మోర్తెజా నేయ్‌దావూద్ అను విద్వాంసుడు శిక్షణ యిచ్చెను. అలీనకీ వజీరీ యను సంగీతాచార్యునియందలి గౌరవముచేత తన పేరునకు 'వజీరీ' యని చేర్చుకొనెను. ఆమె సంపాదించినదంతయు బీదలకు పంచిపెట్టి, 1959లో తాను బీదరాలుగనే కన్నుమూసెను.

కమర్ ముసుగు తీసి పాడిన పండ్రెండేండ్లకు, 1936లో, ఆ దేశపు రాజు స్త్రీలందరును ముసుగు తీసివేయవలసినదే యని శాసించెను. తీయుటకు మనసు రాని వారెందరో ఏండ్ల తరబడి గడప దాటక ఇంటనే ఉండిపోయిరట. తీసినవారికి భయము, తీయనివారికి భయము. ఆ సంగతి అట్లుండనిండు.

1940లో టెహ్రాను రేడియో ఆరంభమైనది. 1956లో దావూద్ పీర్నియా యను పెద్దమనిషి ఆ రేడియోలో 'గుల్‌హా', అనగా 'పువ్వులు', అను కార్యక్రమమును మొదలుపెట్టెను. కవిత్వ పఠనము, వాద్యము, గానము మూడును చక్కగా పొందుపరచిన కార్యక్రమమది. 1979 వరకు నడచినది. పాటకత్తె యన్న మాటకు ఆ సమాజమున ఉన్న తక్కువదనము చాలవరకు పోవుటకు ఇదియే కారణమని చెప్పుదురు. కులీనులైన కుటుంబములవారు ఆడుపిల్లలను రేడియోకు పంపుటకు జంకినను, పంపిరి. మర్జియే, దెల్‌కష్ వంటి గాయనుల కంఠములు ఇంటింట వినబడసాగినవి.

మన హాయెదే ఈ తోటలో చివరి కాలపు పువ్వు. అసలు పేరు మాసూమే దదేబాలా. 1942 ఏప్రిలు 10న టెహ్రానులో జన్మించెను. చెల్లెలు ఈమెకంటె ముందే, 1963లో, 'మహస్తీ' యను పేరుతో గుల్‌హాలో పాడి ప్రఖ్యాతి గాంచినది. అక్క మాత్రము ఫిడేలు విద్వాంసుడు అలీ తజ్వీదీ వద్ద శాస్త్రీయముగా నేర్చి, 1968లో 'ఆజాదే' యను పాటతో వెలువడెను. స్వరము తజ్వీదీది, సాహిత్యము రహీ మొఅయ్యెరీది. ఆ కవి ఆ సంవత్సరమే గతించెను. అప్పటికి హాయెదేకు ఇరువదియారేండ్లు. సంగీతమున తొలి అడుగునకు అది చిన్న వయసు కాదు. కాని ఆ పాటలో తొలి అడుగు జాడలేవియు కానరావు. ఏనాటినుండియో పాడుచున్న ఆమె పాడినట్లే యుండును.

కొలది సంవత్సరములలోనే ఆమె మార్గము మార్చినది. 1970 దశకమున టెహ్రానులో పాప్ సంగీతము వెల్లువగా వచ్చినది. గిటారు, డ్రమ్ములు, విద్యుత్ ఆర్గను, ఇత్తడి బాకాలు, పడమటి దేశముల పాటల పోకడ. యువకులందరును దానివైపే. హాయెదే గుల్‌హా వేదికను విడిచి, ఈ క్రొత్త స్వరకర్తలతో చేరి పాడనారంభించినది. అనూషీర్వాన్ రొహానీ, మొహమ్మద్ హైదరీ, జహాన్‌బఖ్ష్ పాజూకీ మొదలగువారు ఆమెకు బాణీలు కట్టిరి. అట్టి కంఠమును తేలిక పాటకు ధారపోసినదేయని రసజ్ఞులు నొచ్చుకొనిరి. ఈ నింద మన దేశమునను క్రొత్తది కాదు. కచేరీ గాయకులు సినిమాలో పాడినప్పుడెల్ల మనమును అనుచునే యున్నాము.

ఆ నింద ఎంతవరకు నిజమో తెలిసికొనవలెనన్న, ఈ కలయిక ఎట్లు జరిగినదో కొంచెము నిలిచి చూడవలెను. మొదటి చిక్కు స్వరములది. గిటారునకు మెట్లు బిగించి యుండును; పియానోకును ఆర్గనునకును మీటలు పండ్రెండే. నేను పైన చెప్పిన 'నడిమి రిషభము' వానిలో లేదు. మోర్తెజా మహ్జూబీ యను విద్వాంసుడు తన పియానోనే పారసీక స్వరములకు అనువుగ శ్రుతి మార్చుకొని వాయించెను. కాని పదుగురు కలిసి వాయించు పాప్ మేళములో అది సాధ్యము కాదు. కనుక స్వరకర్తలు పండ్రెండు మీటలతో సరిపోవు మాహూర్, ఇస్ఫహాన్ వంటి వానివైపు మొగ్గుటయో, నడిమి స్వరమున్న చోట మీటల వాద్యమును ఊరకుంచి ఫిడేళ్లకును కంఠమునకును వదలుటయో చేసిరి. ఈ రెండవ ఉపాయమున్న పాటలలోనే హాయెదే ఏమిటో తెలియును. అన్ని వాద్యములును ప్రక్కకు తొలగును, ఆమె యొక్కతెయే మిగులును.

రెండవ చిక్కు లయది. ఆవాజ్‌కు తాళము లేదని చెప్పితిని గదా. పాప్ పాటకు తాళమే ఆధారము. వారి పెండ్లి పాటలలోను నృత్యములలోను అనాదిగా నున్న ఆరు మాత్రల నడక ఈ క్రొత్త పాటలకు బాగుగ ఒదిగినది. హాయెదే ఆ నడకను చెదరనీయక, పాదము చివర దొరకిన ఒకటి రెండు ఆవర్తముల సందులో తహ్రీరును ఇమిడ్చినది. తాళము తన దారిని తాను పోవుచుండును. ఆమె కంఠము తాళము లేని కాలమునకు పోయి, సరిగా ఎత్తుగడకు తిరిగి వచ్చును. ఇది వినుటకు సులువుగా నుండును. పాడి చూచినవారికి తెలియును.

మూడవది మాట. మాట మ్రింగరాదన్న గుల్‌హా నియమమును ఆమె తేలిక పాటలోను విడువలేదు. పారసీకము రాని నాకే, ఒక్కొక్క మాట విడివిడిగా వినబడుచున్నది. 'సొగాతీ' యను ఆమె పాటను తీసికొనుడు. బాణీ హైదరీది, సాహిత్యము అర్దలాన్ సర్ఫరాజ్‌ది. ఆ మాటకు దూరదేశమునుండి వచ్చువారు తెచ్చు కానుక యని అర్థము. హైదరాబాదు ఉర్దూలో 'సౌగాత్' అందురు. పేరు తెలిసిన పిమ్మట మరల విన్నచో, ఎదురుచూపులోని ఆతురత యంతయు ఆ నిండు గొంతులో తెలియవచ్చును. ఈ పాటను రసజ్ఞులెవ్వరును చిన్నచూపు చూడజాలరని నా యభిప్రాయము.

అన్ని పాటలు అట్టివేనని చెప్పను. కొన్నింటిలో సాహిత్యము చప్పనిది, మేళము రొదగా నుండును. ఆ కంఠము లేనిచో రెండవసారి వినదగినవి కావు. పట్టుచీర కట్టుకొని బావి దగ్గర అంట్లు తోమినట్లుండును. అయినను ఆమె ఏ పాటను తక్కువ చేసి పాడినట్లు నాకు కనబడలేదు.

1978లో దేశమున అల్లరులు ముదిరినవి. ఆ యేటనే హాయెదే ఇంగ్లండునకు పోయెను. 1979లో విప్లవము వచ్చి రాజు పోయెను. క్రొత్త ప్రభుత్వము వచ్చినది. పరపురుషులు వినునట్లు స్త్రీ యొంటరిగా పాడుట నిషిద్ధమైనది. గుల్‌హా ఆగిపోయినది. దేశములో నున్న గాయనులందరి నోళ్లును ఒక్క పెట్టున మూతపడినవి. పాప్ పాటల రాణి యని పేరొందిన గూగూష్ దేశములోనే యుండిపోయి ఇరువది యొక్క సంవత్సరములు పాడలేదు; 2000లో విదేశమునకు పోయిన పిమ్మటనే మరల వేదిక నెక్కెను. గుల్‌హా కాలపు మర్జియే 1994లో, డెబ్బది యేండ్ల వయసున, దేశమును విడిచి పరాయి నేలపై పాడెను. దెల్‌కష్ ఎచ్చటికిని పోలేదు. 2004లో టెహ్రానులోనే గతించెను.

హాయెదే 1982లో అమెరికాకు పోయి లాస్ ఏంజెల్సు నగరమున స్థిరపడెను. అప్పటికి అచ్చటికి చేరిన ఇరానీయుల సంఖ్య ఎంత యెక్కువయనగా, ఆ నగరమునకు 'టెహ్రాంజెలెస్' అను ముద్దుపేరు వచ్చినది. వారి పాటలు, వారి దూరదర్శన కార్యక్రమములు, వారి క్యాసెట్ల అంగళ్లు అచ్చట వెలసినవి. మునుపటి పెద్ద మేళమునకు బదులు మీటల యంత్రమొకటి పలుమారు అన్ని వాద్యముల పనియు చేసినది. ఆ కాలపు పాటలలో మేళము పలుచబడినది; కంఠము మాత్రము మరింత బరువెక్కినది. లైలా కస్రా యను కవయిత్రి ఆమెకు అనేక గీతములు వ్రాసియిచ్చినది. ఇరువురును దేశము విడిచినవారే. ప్రియుని ఎడబాటు, పుట్టినూరి యెడబాటు ఒకే మాటలలో చెప్పుట పారసీక కవిత్వములో ప్రాతదే. వీరికది యలంకారము కాక యున్న సంగతియే అయినది.

ఆ క్యాసెట్లు ఇరానునకు దొంగచాటుగా చేరినవి. ఒకటి నాలుగై, నాలుగు నలుబదియై, చేతులు మారి ఇంటింటికి పోయినవి. ఆ యేండ్లలోనే పొరుగు దేశముతో ఎనిమిది సంవత్సరముల యుద్ధము నడచినది. బండ్లను ఆపి క్యాసెట్లు వెదకు రోజులవి. తలుపులు వేసి, పరదాలు దింపి, గొంతు తగ్గించి వినిరి. పెండ్లిండ్లలో వినిరి, వంటయిండ్లలో వినిరి.

ఇప్పుడు చెప్పుడు, హాయెదే తేలిక పాటకు దిగుట నష్టమా? ఆమె గుల్‌హా వేదిక మీదనే నిలిచియున్నచో, ఆ వేదిక కూలిన దినముననే ఆమె పాటయు అచ్చటనే ముగిసియుండును. శాస్త్రీయ గానమునకు ఆస్థానము కావలెను, రేడియో కావలెను, కూర్చుండి వినువారు కావలెను. తేలిక పాటకు ఒక క్యాసెట్టును ఒక వంటయిల్లును చాలును. రదీఫు ఎన్నడును నేర్వని పిల్లలు, అమ్మ బియ్యము కడుగుచు విను పాటలో తహ్రీరు వినిరి. నడిమి రిషభము వారి చెవులలో నిలిచినది. రసజ్ఞుల నొప్పి అబద్ధము కాదు. కాని ఆ ఇండ్లలోనికి మరియేది పోగలిగి యుండెడిదో వారు చెప్పలేదు.

పరదా దింపి వినుట యన్నపుడు నాకు మా మేనత్త జ్ఞప్తికి వచ్చినది. ఆమెకు పెండ్లి కాకముందు నాలుగేండ్లు సంగీతము చెప్పించిరి. అత్తవారింట హార్మోనియము పెట్టె అటకమీదికెక్కినది. పేరంటములో పాడవచ్చును, మంగళహారతి పాడవచ్చును. వీథి గదిలో మామగారు, బావగార్లు ఉండగా గొంతు వినబడరాదు. ఆమెను ఎవరును కొట్టలేదు, తిట్టలేదు. 'మన ఇంట ఆ అలవాటు లేదమ్మా' యని అత్తగారు మెత్తగా ఒక్కసారి చెప్పినది, అంతే. నలుబది యేండ్లు అది చాలినది. ఇరానులో నేడు స్త్రీలు స్త్రీల సభలలో మాత్రము పాడుటకు అనుమతి కలదని చదివినపుడు, ఓహో, పేరంటము వంటిదే కాబోలు ననుకొంటిని. మేనత్త పేరంటములలో పాడగా నేను విన్నాను. చక్కగానే పాడెడిది. కాని పాట ముగియగనే ద్వారమువైపు ఒకసారి చూచెడిది.

హాయెదే ఇరానునకు తిరిగి పోలేదు. 1990 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక రాత్రి సభలో పాడి, మరునాడు, 20వ తేదీన, గుండెపోటుతో కన్నుమూసెను. నలుబదియేడేండ్లు. ఆమెకు పాటలు వ్రాసిన లైలా కస్రా అంతకు ముందటి యేడే, 1989లో, గతించినది. హాయెదేను లాస్ ఏంజెల్సులోని వెస్ట్‌వుడ్ శ్మశానవాటికలో ఖననము చేసిరి. 2007లో చెల్లెలు మహస్తీ కూడ కాలిఫోర్నియాలోనే మరణించి, అచ్చటనే అక్కను చేరినది.

2024 డిసెంబరులో పరస్తూ అహ్మదీ యను యువతి ఇరానులోనే ఒక ప్రాత సత్రపు ముంగిట, ఎదుట ఒక్క ప్రేక్షకుడైన లేకుండ, నలుగురు పురుష వాద్యకారులతో కూడి, తలపై ముసుగు లేకుండ పాడి, దానిని అంతర్జాలము ద్వారా లోకమునకు వినిపించినది. కొలది దినములకే అధికారులు ఆమెను పట్టుకొనిపోయి, తరువాత విడిచిపెట్టిరి. కమర్ గ్రాండ్ హోటలులో పాడి అప్పటికి సరిగా నూరేండ్లు.

వినదలచిన సోదరీమణులకు నా సలహా యొకటి. మొదట 'సొగాతీ' వినుడు. అది చెవికి వెంటనే పట్టును. పిమ్మట 'గులె సంగ్' వినుడు. రాతిపువ్వు అని దాని పేరునకు అర్థము, స్వరము రొహానీది. చివర 'ఆజాదే' వినుడు. ముందుగా ఆజాదేతో మొదలుపెట్టినచో సగములో ఆపివేయుదురేమో యని నా భయము. చివర విన్నచో, తేలిక పాటలలో మీరు విని మెచ్చిన విరుపులు ఎచ్చటినుండి వచ్చినవో మీకే తెలియును. పనిలో నుండి వినినను దోషము లేదు. ఒక్క ఆజాదేకు మాత్రము చేతులు కడుగుకొని కూర్చుండుడు.

మా ప్రక్క వాటా చిన్నదానికి ఈ క్రమమే చెప్పితిని. నిన్న ఉదయము గోడ కావలినుండి ఆజాదే వినబడినది. దానితోపాటు మరియొక గొంతు, తహ్రీరు దగ్గర విరుగుటకు ప్రయత్నించి, విరుగలేక దగ్గుచు, మరల మొదలుపెట్టుచు వినబడినది. పోపు మాడిన వాసన కూడ వచ్చినది.